సర్దారు కర్ర చప్పుడు

1901 నవంబరు 25న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో ఒక ఇల్లాలిని చేర్చారు. పేరు అగస్టె డీటర్, వయసు 51. మర్నాడు డాక్టర్ అలాయిస్ ఆల్జైమర్ ఆమె ఎదుట కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టారు. నీ పేరు? అగస్టె. ఇంటిపేరు? అగస్టె. మీ ఆయన పేరు? ఆమె కాస్త తడబడి, అగస్టె అనుకుంటా అంది. మధ్యాహ్నం కాలీఫ్లవరూ పంది మాంసమూ తింటుంటే, ఏం తింటున్నావని అడిగారు. పాలకూర అంది. అడిగిన ప్రశ్నా, ఆమె తప్పిన జవాబూ ఆయన పొల్లుపోకుండా రాసుకున్నారు. ఆ మాటల మధ్యలోనే ఆమె, నన్ను నేను పోగొట్టుకున్నాను అంది. అదీ రాసుకున్నారు.

ఆ ఏటికి మన ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలై పన్నెండేళ్ళు. రామగుండం దగ్గర గోదావరి ఒడ్డున గనులు తెరుచుకోవడానికి ఇంకో అరవై ఏళ్ళ దాకా పట్టింది. ఈ రెండింటికీ పొంతనేమిటని అడగవచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలైన ఆ కథ ఊళ్ళూ దేశాలూ తిరిగి గోదావరిఖని క్వార్టర్ల దాకా వచ్చింది. అందుకే పక్కపక్కన పెట్టుకుంటున్నాను.

అగస్టె 1906 ఏప్రిల్‌లో కన్నుమూసింది. అప్పటికి ఆల్జైమర్ మ్యూనిక్‌కు మారారు. ఆమె మెదడును అక్కడికి తెప్పించుకుని సూక్ష్మదర్శినిలో చూస్తే నాడీకణాల లోపల చిక్కుపడిన పోగులు, వాటి బయట పేరుకున్న మచ్చలు కనిపించాయి. ఆ నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభలో ఈ సంగతి చెబితే ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. 1910లో మ్యూనిక్ ఆచార్యుడు ఎమిల్ క్రేప్లిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకు ఆల్జైమర్ పేరు పెట్టడంతో అది నిలిచింది. అగస్టె కేసు కాగితాలు మాత్రం ఎటో పోయి, 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రి పాత దస్త్రాల్లో బయటపడ్డాయి. అందులోని సంభాషణ ఇవాళ చదువుతుంటే ఒకటి తోస్తుంది. వైద్యుడు వెతుకుతున్నది ఆమెకు ఏం పోయిందని. రోగం పట్టుకోవలసినవాడు అలాగే వెతకాలి, తప్పు పట్టనక్కర్లేదు. కానీ ఈమెలో ఇంకా ఏం మిగిలి ఉంది, ఆ మిగిలినదానితో ఈమె రోజు గడిచేదెలా అన్న ప్రశ్న వైద్యానికి తట్టడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది.

ఆ అరవై ఏళ్ళలో మతి తప్పిన ముసలివాళ్ళకు దక్కినవి మంచం, కుర్చీ, నిద్రమందు. వేళకు తిండి పెడితే అదే పెద్ద సేవ. ఈ స్తబ్ధతను మొదట కదిలించింది అమెరికాలోని జేమ్స్ ఫోల్సమ్ అనే మానసిక వైద్యుడు. 1958లో కాన్సస్ రాష్ట్రంలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో ఒక ఆలోచనతో మొదలుపెట్టి, తర్వాత అలబామాలోని టస్కలూసా ఆసుపత్రిలో లూసిల్ టాల్బీ అనే నర్సుతో కలిసి దాన్నొక పద్ధతిగా మలిచారు. ప్రతి వార్డులో ఒక బోర్డు పెట్టారు. ఇది ఫలానా ఆసుపత్రి, ఇవాళ ఫలానా వారం, బయట ఎండ కాస్తోంది, తర్వాతి భోజనం ఫలానా వేళకు. ఆయాలు రోజూ ఆ బోర్డు చూపించి చదివించేవారు. ఎవరైనా తప్పు చెబితే ఓపిగ్గా సరిదిద్దేవారు. ఇవాళ మనకు ఇది బడిపిల్లల వ్యవహారంలా కనిపించినా, అప్పుడు అది పెద్ద సాహసం. వీళ్ళతో మాట్లాడి ప్రయోజనం లేదని లోకమంతా చేతులు దులిపేసుకున్న వేళ, మాట్లాడితే ప్రయోజనం ఉందని నిలబడి చెప్పిన మొదటి మనిషి ఆయన. కొందరు నిజంగానే తేరుకున్నారు కూడా.

కానీ మా అమ్మ ఏదీ అని అడిగే ఎనభై ఏళ్ళ ముసలామెతో ఏమనాలి? ఉన్న సంగతి చెప్పడమే పద్ధతి కాబట్టి, మీ అమ్మ పోయి చాలా ఏళ్ళయిందని చెప్పేవారు. ఆమెకది అప్పుడే తెలిసిన చావు కబురు. ఏడ్చేది. గంట గడిచేది. మా అమ్మ ఏదీ అని మళ్ళీ అడిగేది. మళ్ళీ అదే కబురు, అదే ఏడుపు.

ఈ చిక్కు ఆసుపత్రుల్లోనే కాదు, ఇళ్ళల్లోనూ ఉంటుంది. మా కాలనీలో ఒక పెద్దాయన ఉండేవాడు. బొగ్గు బాయిలో మైనింగ్ సర్దారుగా చేసి రిటైరైనవాడు. సర్దారు పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. షిఫ్టు వాళ్ళు పని మొదలుపెట్టక ముందే సర్దారు తన వంతు చోట్లన్నీ తిరగాలి. చేతికర్రతో పైకప్పును కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే పొర విడిందన్నమాట, కింద మనిషి నిలబడకూడదు. సేఫ్టీ లాంప్ మంట చూసి గ్యాస్ ఉందో లేదో తేల్చుకోవాలి. చూసిందంతా పుస్తకంలో రిపోర్టుగా రాసి సంతకం పెట్టాలి, పైన ఓవర్‌మన్ సంతకం పడాలి. ఎంతమంది ప్రాణాలో ఆ కర్ర చప్పుడు మీద ఆధారపడి ఉండేవి.

డెబ్బై దాటాక ఆయనకు మతి జారడం మొదలైంది. తిన్నాడో లేదో తెలియదు, మనవడి పేరు తెలియదు. చీకటి పడితే మాత్రం కర్ర పట్టుకుని లేచేవాడు. గదిగదికీ తిరిగి గోడలూ అందిన చోటల్లా పైకప్పూ కొట్టి చెవి పెట్టేవాడు. పొద్దున బడికి పోవలసిన పిల్లలకు నిద్ర లేదు, పక్క క్వార్టరు వాళ్ళకూ లేదు. "మామా, ఇది బాయి కాదు, మనిల్లు. మీరు రిటైరై ఎన్నేండ్లాయె" అని కోడలు నచ్చజెప్పేది. ఆయన కళ్ళల్లో కోపం కంటే భయం కనిపించేది. చూడకుండా మనుషుల్ని లోపలికి పంపితే ఎట్లా అని ఆయన బెంగ. చివరికి ఒకరోజు కర్ర దాచేశారు. ఆయన ఆ రాత్రంతా కూర్చోలేదు, పడుకోలేదు, తలుపు గొళ్ళెం లాగుతూనే ఉన్నాడు. టస్కలూసా బోర్డు గురించి ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కానీ ఆ బోర్డు చేసిన తప్పే వాళ్ళూ చేశారు, ప్రేమతోనే.

1963లో ఈ కథకు రెండు వేర్వేరు చోట్ల మలుపు దొరికింది. రాబర్ట్ బట్లర్ అనే యువ మానసిక వైద్యుడు ఒక వ్యాసం రాశారు. ముసలివాళ్ళు పాత సంగతులే తవ్వుకుంటూ కూర్చోవడం బుద్ధి మందగించిన గుర్తని అప్పటి వైద్యుల నమ్మకం, దాన్ని మాన్పించమని సలహా ఇచ్చేవారు. బట్లర్‌ను పెంచినవాళ్ళు అమ్మమ్మా తాతయ్యా. ముసలితనం ఆయనకు ఇంట్లో చూసిన సంగతి. మనిషి చివరి దశలో తన బతుకును తానే తిరగేసి చూసుకోవడం సహజమని, ఆ పని సాగనివ్వాలని ఆయన వాదించారు. అదే ఏడు నవోమి ఫీల్ అనే సామాజిక కార్యకర్త క్లీవ్‌లాండ్‌లోని మాంటిఫియోరి వృద్ధాశ్రమంలో పనికి చేరారు. చేరారనడం కంటే తిరిగి వచ్చారనాలి. తండ్రి ఆ ఆశ్రమ నిర్వాహకుడు కావడంతో ఆమె చిన్నతనమంతా అక్కడి ముసలివాళ్ళ మధ్యే గడిచింది. ఉన్న సంగతి గుర్తుచేసే పద్ధతిని ఆమె శ్రద్ధగా పాటించి చూశారు. ఎంత గుర్తుచేస్తే అంత ముడుచుకుపోతున్నారు. దిద్దడం మానేశారు. అమ్మ ఏదని అడిగితే, మీ అమ్మ ఎలా ఉండేది, ఏం వండేది అని అడగడం మొదలుపెట్టారు. ముసలామె ఏడుపు ఆపి వంట సంగతులు చెప్పింది. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతదాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టి పుస్తకం తెచ్చేసరికి 1982 అయింది.

ఈ లోగా, మతి జారే ఈ జబ్బుతో, అంటే డిమెన్షియాతో, ఏ సంబంధమూ లేని ఒక చోట, తాళంచెవి ఒకటి దొరికింది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి విలియం స్కోవిల్ అనే సర్జన్ మెదడులో రెండు వైపులా కొంత భాగం తీసేశారు. మూర్ఛలు తగ్గాయి, కానీ కొత్త జ్ఞాపకం అనేది ఇక నిలవలేదు. అయిదు నిమిషాల క్రితం పలకరించిన మనిషి మళ్ళీ కొత్త మనిషే. మాంట్రియల్ నుంచి రైలెక్కి వచ్చి ఆయన్ను పరీక్షిస్తుండేవారు బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త. ఒకసారి ఆమె ఆయనకు అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిల్ నడపమని పని ఇచ్చారు. అద్దంలో చెయ్యి తిరగేసి కనిపిస్తుంది కాబట్టి ఎవరికైనా మొదట గీత వంకర్లు పోతుంది. మూడు రోజులు చేయించారు. ప్రతి రోజూ ఆయనకది ఎన్నడూ చూడని పనే. కానీ గీత మాత్రం రోజురోజుకీ తిన్నబడింది. మూడో రోజున ఇంచుమించు తప్పు లేకుండా గీశారు, తానెప్పుడూ ఇది చేయలేదని చెబుతూనే. 1962లో ఆమె దీన్ని ప్రకటించారు. జరిగింది గుర్తుపెట్టుకునే జ్ఞాపకం వేరు, చేతికి వచ్చిన పని గుర్తుండే జ్ఞాపకం వేరు అని లోకానికి మొదటిసారి రుజువైంది. ఆల్జైమర్ జబ్బు ముందుగా దెబ్బతీసేది మొదటిదాన్ని. రెండోది చాలాకాలం నిలుస్తుంది. మనవడి పేరు పోయినా కర్ర చప్పుడు వినే చెవి పోకపోవడంలో వింత లేదు, అది మెదడులో వేరే గదిలో దాచిన సరుకు.

తాళంచెవి దొరికినా తలుపు తీయడానికి మరో పాతికేళ్ళు పట్టింది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టామ్ కిట్‌వుడ్ అనే ఆచార్యుడు ఉండేవారు. ఒకప్పుడు మతాచార్యుడు, ఉగాండాలో పాఠాలు చెప్పినవాడు, తర్వాత మనస్తత్వ శాస్త్రంలోకి వచ్చినవాడు. 1980లలో ఆయన వృద్ధాశ్రమాల్లో ఒక మూల కూర్చుని గమనించడం మొదలుపెట్టారు. ఈ మనిషి ఇప్పుడేం చేస్తున్నాడు, ముఖం ఎలా ఉంది అని అయిదేసి నిమిషాలకొకసారి రాసుకోవడమే పని. గంటల తరబడి అలా రాస్తే తేలిందేమిటంటే, ఈ మనుషుల్ని సగం కుంగదీస్తున్నది జబ్బు, మిగతా సగం చుట్టూ ఉన్నవాళ్ళు. ఎవరూ కొట్టరు, తిట్టరు. పక్కనే పెట్టుకుని, లేనట్టే మాట్లాడుకుంటారు. తినడానికి ఆలస్యమైతే చెంచా లాక్కుని పెట్టేస్తారు. పెద్దమనిషిని పసివాణ్ణి చేసి లాలిస్తారు. ఇలాంటి చిన్న గాయాలు పదిహేడు రకాలని 1997లో వచ్చిన తన పుస్తకంలో ఆయన లెక్కగట్టారు. డిమెన్షియా వచ్చినా మనిషి మనిషిగానే ఉంటాడు, అతనికి ఊరట, ఆప్యాయత, నలుగురిలో చోటు, చేతికి పని, తానెవరన్న ఎరుక కావాలి అన్నారు. మరుసటి ఏడే ఆయన హఠాత్తుగా పోయారు. మాట మాత్రం పోలేదు.

చేతికి పని అన్నారు సరే, ఏ పని? దీనికి సాయం వచ్చిన చోటు చూస్తే ముచ్చటేస్తుంది. పసిపిల్లల బడికి కొత్త దారి వేసిన మరియా మాంటిస్సోరి 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసు అడయారు వచ్చారు, కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చి వెళ్ళిపోదామని. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఆమె ఇక్కడ శత్రుదేశస్థురాలై చిక్కుబడ్డారు. 1946 దాకా అడయారులో, కొడైకెనాల్‌లో ఉండి దేశం నలుమూలల నుంచి వచ్చిన ఉపాధ్యాయులకు పాఠాలు చెప్పారు. నిజమైన వస్తువు చేతికివ్వు, పనిని చిన్న మెట్లుగా విడగొట్టు, ఒక్కో మెట్టూ చేసి చూపించు, తప్పు పట్టకు. ఇదీ ఆమె పద్ధతి. 1990లలో అమెరికాలోని ఒహాయోలో కామరన్ క్యాంప్ అనే మనస్తత్వవేత్త ఈ పద్ధతిని తిరగేశారు. పసివాడికి లేనిది సమకూర్చే మెట్లే, పెద్దవాడికి ఉన్నది జారిపోకుండా పట్టి ఉంచుతాయని ఆయన ఊహ. ఆశ్రమంలోని ముసలివాళ్ళ చేత పక్క బడి పసిపిల్లలకు ఆ ఆటవస్తువులతోనే పాఠం చెప్పించారు. పొద్దస్తమానం విసుక్కునేవాళ్ళు పిల్లవాడు ఎదురుగా కూర్చునేసరికి టీచర్లయిపోయారు. పసివాళ్ళలా చూడకు అని కిట్‌వుడ్ చెప్పినదానికీ, పసివాళ్ళ బడి నుంచి తెచ్చిన ఈ పద్ధతికీ తగువు వస్తుందేమో అనిపిస్తుంది. ముసలివాణ్ణి గురువు కుర్చీలో కూర్చోబెట్టి క్యాంప్ ఆ తగువు తీర్చారు.

ఇక అసలు మలుపు. ఫిలడెల్ఫియాలో లారా గిట్లిన్ అనే సామాజిక శాస్త్రవేత్త గమనించినదేమంటే, ఆశ్రమాల్లో అందరికీ ఒకటే పాట, ఒకటే ఆట పెడుతున్నారు. నలుగురికి నచ్చుతుంది, ఆరుగురు గోడకేసి చూస్తారు. పైగా రోగుల్లో ఎక్కువమంది ఉండేది ఇళ్ళల్లో. ఆమె బృందం ఆక్యుపేషనల్ థెరపిస్టులను ఇళ్ళకు పంపింది. ఈయన ఏం చేసేవాడు, ఏది ఇష్టం అని ఇంటివాళ్ళను అడగాలి. చెయ్యి ఎంత ఆడుతోంది, ఒక మాటకు ఎన్ని పనులు గుర్తుంటున్నాయి అని మనిషిని చూడాలి. రెండూ కలిపి మూడు పనులు ఎంచి, ఇప్పటి శక్తికి తగ్గట్టు సులువు చేసి, ఎలా చేయించాలో ఇంటివాళ్ళకు నేర్పాలి. నాలుగు నెలల్లో ఎనిమిది విడతలు. 60 కుటుంబాలతో చేసిన తొలి పరీక్ష ఫలితం 2008లో వచ్చింది. అడిగిందే అడగడం, ఇంటివాళ్ళ వెంటే నీడలా తిరగడం తగ్గాయి. పనిలో మనసు పెట్టడం పెరిగింది. మందు మాత్ర ఒక్కటి లేదు.

అయితే జేజేలు కొట్టి వదిలేస్తే కథకు అన్యాయం చేసినట్టే. ఆ తర్వాత ఆశ్రమాల్లో జరిగిన ఇలాంటి పరీక్షలను గుదిగుచ్చి చూసిన కోక్రేన్ సమీక్ష 2018లో వచ్చింది. మనిషికి తగ్గ పనులు ఇస్తే మేలు ఉండవచ్చు గానీ అది చిన్నదే, సాక్ష్యం ఇంకా పలచగానే ఉందని తేల్చింది. జ్ఞాపకం వెనక్కి రాదు. జబ్బు ఆగదు. దక్కేది ఒక సాయంత్రం, మరొక సాయంత్రం. ఇంట్లో పెట్టుకుని చూసేవాళ్ళకు ఆ సాయంత్రం ఎంత విలువో సమీక్ష రాసేవాళ్ళకు లెక్కకు అందదని నా అభిప్రాయం.

మన దేశంలో ఈ దారి మొదటి అడుగులోనే ఆగిపోయేది. రోగం ఉందో లేదో చూసే పరీక్షే మన ముసలివాళ్ళకు పనికిరాలేదు. విదేశీ పరీక్షలో, కాగితం మీద రాసి ఉన్నది చదివి అలా చెయ్యి, ఒక వాక్యం రాయి, వందలోంచి ఏడేసి తీసెయ్యి అని ఉంటుంది. బడి ముఖం చూడని రైతు అందులో సున్నా తెచ్చుకుంటే అది జబ్బా, చదువు లేకపోవడమా? మేరీ గంగూలీ నాయకత్వంలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన బృందం ఈ ముడి విప్పింది. చదవమనడం మాని, నా ముఖం చూసి నేను చేసినట్టు చెయ్యి అన్నారు. వాక్యం రాయమనడం మాని, మీ ఇంటి గురించి ఒక మాట చెప్పు అన్నారు. 1995లో ఈ పరీక్ష అచ్చయింది. 1998లో కొచ్చిలో కూడిన పరిశోధకులు ఒక బృందంగా ఏర్పడి దానికి 10/66 అని పేరు పెట్టుకున్నారు. డిమెన్షియా ఉన్నవాళ్ళలో 66 శాతం పేద దేశాల్లో ఉంటే, పరిశోధనలో 10 శాతమైనా వాళ్ళ మీద జరగడం లేదన్న ఎత్తిపొడుపు ఆ అంకెలు. వాళ్ళ దారిలోనే గోవాలో అమిత్ డయాస్, విక్రమ్ పటేల్ బృందం 81 కుటుంబాలతో ఒక పరీక్ష చేసింది. వైద్యం చదవని స్థానికులకే కొద్దిపాటి శిక్షణ ఇచ్చి ఇళ్ళకు పంపితే, రోగిని చూసుకునేవాళ్ళ మనోవేదన తగ్గిందని 2008లో తేల్చింది. చెన్నైలో స్కార్ఫ్ సంస్థ, డిమెన్షియా ఉన్నవాళ్ళను గుంపుగా కూర్చోబెట్టి నడిపే, ఇంగ్లండులో పుట్టిన ఒక కార్యక్రమాన్ని తమిళానికి తెచ్చుకుంది.

హైదరాబాదు వంతు కూడా తక్కువది కాదు. నిమ్స్ మెమరీ క్లినిక్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఒక సంగతి ప్రకటించింది. రెండో భాష మాట్లాడేవాళ్ళకు ఒకే భాష వాళ్ళకంటే సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైంది. చదువు రానివాళ్ళలోనూ ఈ తేడా కనిపించడమే విశేషం. బొగ్గు బాయిల వాళ్ళకు ఇది వింటే నవ్వు వస్తుంది. ఇంట్లో తెలుగు, బాయిలో సగం హిందీ, బజార్లో ఉర్దూ కలిసిన మాట. ఎవరూ నేర్పలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మళ్ళీ మా సర్దారు దగ్గరికి. ఆ ఇంట్లో చిక్కు విడిపోయింది ఏ థెరపిస్టు వల్లా కాదు. ఆయనతో కలిసి పనిచేసి రిటైరైన ఓవర్‌మన్ ఒకాయన పెళ్ళి కార్డు ఇవ్వడానికి వచ్చాడు. కర్ర లేదు కాబట్టి సర్దారు పిడికిలితో గోడ కొడుతున్నాడు. వచ్చినాయనకు అందులో వింతేమీ కనిపించలేదు. కుర్చీలో కూర్చుంటూనే, "రూఫ్ ఎట్లున్నది సర్దార్?" అన్నాడు.

"గీ మూల డొల్లగ మోగుతున్నది సార్. కర్ర కట్టిపియ్యాలె."

"మంచిది. టింబర్‌మన్‌ను పంపుత. రిపోర్టు రాయి."

"రాస్త సార్" అని సర్దారు వచ్చి పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాడు! కోడలు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ రాత్రి ఆమె దాచిన కర్ర తీసి, కింద రబ్బరు ముక్క తొడిగి చేతికిచ్చింది, పక్కింటికి చప్పుడు పోకుండా. మనవడి పాత నోటు పుస్తకం ఒకటి రిపోర్టు బుక్కయింది. పొద్దుగూకగానే "షిఫ్టు" మొదలు. నాలుగు గదులు, ఒక వంటిల్లు. తాతా మనవడూ తిరిగొస్తారు. తాత చెబుతాడు, మనవడు తేదీ వేసి రాస్తాడు, తాత సంతకం పెడతాడు. ఓవర్‌మన్ సంతకం కోడలిది. ఆ సంతకం పడితే గానీ ఆయన పడుకునేవాడు కాదు, పడ్డాక చాలా రాత్రులు పడుకునేవాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో, అంటే పైకప్పు లేని బహిరంగ గనిలో, బ్లాస్టింగ్ జరిగి కిటికీలు అదిరితే మాత్రం ఆయన అందరినీ వరండాలోకి తోలేవాడు. పొగ పోయి తాను చూసివచ్చేదాకా ఎవరూ లోపలికి పోవద్దు. పొయ్యి మీద పప్పు మాడుతున్నా సరే. ఇంటివాళ్ళు పోయి నిలబడేవారు.

రోజూ కుదిరేది కాదు. కొన్ని పూటలు పుస్తకం విసిరేసేవాడు. జబ్బు ముదిరాక గదులు తిరగడం తగ్గి, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం మిగిలింది. ఫిలడెల్ఫియా పద్ధతిలో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి: మనిషి గతం, మిగిలిన శక్తి, పనిని సులువు చేయడం, ఇంటివాళ్ళ సాయం. తేడా ఒక్కటే. అక్కడ ఏళ్ళ తరబడి వెతికి పట్టుకున్నది, ఇక్కడ పెళ్ళి కార్డుతో పాటు వచ్చింది. ఆ ఓవర్‌మన్ ఆ పూట రాకపోతే?

ఈ రాకపోతే అన్న ప్రశ్నే రామగుండానికి అసలు ప్రశ్న. 1990ల మొదట్లో సింగరేణిలో 1,16,000 మంది దాకా పనిచేసేవారు. ఇప్పుడు సుమారు 40,000. తగ్గినవాళ్ళందరూ ఎక్కడికి పోయారు? చాలామంది ఇక్కడే ఉన్నారు, గోదావరిఖనిలో, యైటింక్లైన్ కాలనీలో, చుట్టుపక్కల ఊళ్ళల్లో, అరవైలు డెబ్బైలు దాటుతూ. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని లాసీ-డ్యాడ్ అనే సర్వే అంచనా. పట్నాల్లో కంటే పల్లెల్లో, మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ.

సియాటిల్‌లో లిండా టెరీ, రెబెకా లాగ్స్‌డన్ 1991లోనే ఆల్జైమర్ రోగులకు సంతోషం ఇచ్చే పనుల పట్టిక ఒకటి తయారుచేశారు. వాళ్ళ మనుషులకు అది చక్కగా అతికింది. దాన్ని తెలుగులోకి దించుకుంటే మా సర్దారు అందులో దొరకడు. ఇక్కడి పట్టికలో మస్టర్ (హాజరు) పడే వేళకు తయారై గేటు దాకా నడిచి రావడం ఉండాలి. హాలర్ మీద పనిచేసినవాడికి తాడు పేనడం, టింబర్‌మన్‌కు చెక్క ముక్క కొలిచి ఆనించడం, తట్ట మోసినవాడికి టబ్బుల లెక్క ఉండాలి. ఆడవాళ్ళ పట్టిక వేరు. పాత కరీంనగర్ జిల్లాలో ఎన్నో ఇళ్ళల్లో చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టిన చేతులున్నాయి. తంబాకు అక్కర్లేదు, తునికాకు తడిపి కత్తెర ఇస్తే చాలు, వేళ్ళు వాటి కొలత అవే తీసుకుంటాయి. తంగేడు, గునుగు ముందు పోసి బతుకమ్మ పేర్చమంటే, కూతురి పేరు తడుముకునే ముసలామె వరస తప్పకుండా పేరుస్తుంది. గోదావరి ఒడ్డున సమ్మక్క జాతరకు బెల్లం తూకం వేసే రోజు ఇంటి పెద్దను మూల గదిలో కూర్చోబెట్టకుండా తక్కెడ దగ్గర కూర్చోబెట్టవచ్చు. నలుగురిలో చోటు అని కిట్‌వుడ్ అన్నది ఇదే.

2022లో రామగుండంలో మెడికల్ కాలేజీ మొదలైంది. ఇంగ్లీషు పుస్తకాల్లోంచి వచ్చే ఆ పిల్లలకు సర్దారు రిపోర్టు బుక్కు ఎలా ఉంటుందో, డొల్ల చప్పుడు ఎలా ఉంటుందో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడింకా చౌరస్తా టీ హోటళ్ళలో దొరుకుతారు. పదేళ్ళు పోతే దొరకరు. ఆ పట్టిక రాయవలసింది వాళ్ళూ, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళూ.

రాసినా అది ఈ తరానికే. ఇవాళ బొగ్గులో పెద్ద వాటా ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. ఇప్పుడు డంపర్ నడుపుతున్న నలభై ఏళ్ళ ఆపరేటరు రేపు డెబ్బైల్లోకి వస్తే ఆయనకు రూఫ్ కొట్టే కర్ర దేనికి? ఆయన చేతులకు అలవాటైనవి స్టీరింగూ లీవర్లూ. చెవికి అలవాటైనది రివర్స్ హారన్. బుర్రలో తిరిగేది ట్రిప్పుల లెక్క. ఏ రాత్రో లేచి ఎన్నో ట్రిప్పు నడుస్తోంది అని అడిగితే, ఇంట్లోవాళ్ళకు ఆ ప్రశ్న అర్థం కావాలి కదా. అందుకని సర్వీసులో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, బాయి సంగతులు ఇంటికెందుకులే అనుకోకుండా, షిఫ్టులో ఏం చేస్తారో భార్యకో బిడ్డకో అప్పుడప్పుడు చెబుతూ ఉండండి. వీలైతే ఒక నోటు పుస్తకంలో రాయించండి.